రాతిపొరల నుండి ఇంటిలోకి: బోరునీటిలో రాడాన్ వాయువు

దక్కను పీఠభూమిలో గ్రానైటు శిలను తొలిచి 150, 200 మీటర్ల లోతు నుండి పైకి తెచ్చిన బోరునీరు చూపునకు తేటగా ఉంటుంది. సూక్ష్మజీవుల పరీక్షలోను, లవణాల పరీక్షలోను, ఫ్లోరైడు పరీక్షలోను నెగ్గిన నీరు కూడ సాధారణంగా ఒక పరీక్షకు మాత్రం గురికాదు. ఆ నీటిలో రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఎంత కరిగి ఉన్నదో తేల్చే పరీక్ష అది. ఈ వాయువునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అది ఉన్నదని గాని లేదని గాని పరికరం తప్ప మరేదీ చెప్పజాలదు.

రేడియోధార్మికత అనే మాట వినబడగానే భయపడేవారు కొందరు, కంటికి కనబడని దానిని లెక్కచేయనివారు మరికొందరు. రాడాన్ విషయంలో ఈ రెండు ధోరణులూ తప్పుదారి పట్టించేవే. ఇందుకు కారణం ఈ వాయువు స్వభావంలోనే ఉన్నది. నీటిలో వచ్చిన రాడాన్ వలన కలిగే హానిలో అధిక భాగం ఆ నీటిని త్రాగడం వలన కాదు, దాని నుండి వెలువడిన వాయువును పీల్చడం వలన కలుగుతుంది. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే, ఎవరు జాగ్రత్త పడాలి, ఎంత జాగ్రత్త పడాలి అనే ప్రశ్నలకు సమాధానం దొరకుతుంది.

శిలలో పుట్టుక

భూమి పైపొరలోని శిలలన్నింటిలోను యురేనియం కొద్దో గొప్పో ఉంటుంది. గ్రానైటులో ఒక్కొక్క టన్నుకు కొద్ది గ్రాముల చొప్పున ఉండడం సామాన్యం. యురేనియం-238 పరమాణువులు అతి నెమ్మదిగా విచ్ఛిన్నమవుతాయి. వాటిలో సగం తరిగిపోవడానికి 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఈ కాలాన్నే అర్ధ జీవితకాలం అంటారు. ఆ విచ్ఛిన్న పరంపరలో కొన్ని తరాల తరువాత రేడియం-226 పుడుతుంది. దాని అర్ధ జీవితకాలం 1600 సంవత్సరాలు. రేడియం నుండి పుట్టేది రాడాన్-222. దీని ఆయువు మరీ స్వల్పం: 3.8 రోజులలో సగం నశిస్తుంది.

ఈ వంశంలో ముందు తరాలవారూ తరువాతి తరాలవారూ అందరూ ఘనపదార్థాలే. రాడాన్ ఒక్కటే వాయువు. పైగా అది జడవాయువు. దేనితోను రసాయనికంగా కలియదు. తక్కిన మూలకాలు పుట్టినచోటనే రాతిలో చిక్కుకొని ఉండగా, రాడాన్ మాత్రం రాతి పగుళ్ళ గుండా తప్పించుకొని బయటపడగలదు. ఆ పగుళ్ళలో నీరు ఉంటే అందులో కరుగుతుంది. చల్లని నీటిలో ఎక్కువగా, వేడినీటిలో తక్కువగా కరగడం దాని మరొక లక్షణం.

థోరియం వంశంలోను ఇటువంటి వాయువు ఒకటి ఉన్నది. దానిని థోరాన్ అంటారు. కేరళలోని చవర తీరంలోను, కన్యాకుమారి జిల్లాలోని మానవాళకురిచ్చిలోను, ఒడిశాలోని ఛత్రపురం వద్దను, మన భీమునిపట్నం తీరంలోను దొరకే మోనజైటు ఇసుకలో థోరియం ఉన్నది. కాని థోరాన్ అర్ధ జీవితకాలం ఒక్క నిమిషం కంటె తక్కువ. బావి అడుగున పుట్టిన థోరాన్ కుళాయి దాక బ్రతికి రావడం దాదాపు అసంభవం. అందుచేత త్రాగునీటి చర్చలో రాడాన్-222 ఒక్కదానినే లెక్కలోకి తీసుకుంటారు.

మందుగా త్రాగిన రోజులు

1899, 1900 సంవత్సరాలలో రూథర్‌ఫర్డ్, ఓవెన్స్, డార్న్ మున్నగువారి పరిశోధనలలో ఈ వాయువులు బయటపడినాయి. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే ఎలక్ట్రాన్‌ను కనుగొన్న జె.జె. థామ్సన్ బావినీటిలోను, కుళాయి నీటిలోను ఇటువంటి వాయువు ఉన్నదని గమనించినాడు. వెంటనే పుట్టినది భయం కాదు, ఉత్సాహం! పేరుపొందిన ఔషధ జలధారలు అనేకం రాడాన్ ఉన్నవే కనుక ఆ జలాల మహిమ రాడాన్‌దేనని జనం నమ్మినారు. బొహీమియాలోని యాకిమోవ్ పట్టణంలో 1906లో రేడియం స్నానశాల వెలసింది. అమెరికాలో 1912లో రివిగేటర్ అనే జాడీకి పేటెంటు లభించింది. దాని లోపలి గోడలలో రేడియం గల ఖనిజం ఉండేది. రాత్రి నీరు నింపి, తెల్లవారి ఆ నీరు త్రాగవలెనని కొన్నవారికి చెప్పేవారు. అంటే నేడు నీటి నుండి తొలగించడానికి ఖర్చు పెడుతున్న వాయువును ఆనాడు డబ్బిచ్చి నీటిలో నింపుకున్నారన్నమాట. 1932లో రేడియం కలిపిన సీసానీటిని ఏళ్ళ తరబడి త్రాగిన ఒక ధనికుడు దవడ ఎముక కుళ్ళి మరణించడంతో ఈ వ్యామోహం చల్లారింది. అతనిని చంపినది ఎముకలో నిలిచిపోయే రేడియం, వచ్చి పోయే రాడాన్ కాదు. ఐనా రెండింటి మోజూ ఒకేసారి తగ్గింది.

రాడాన్ హాని అంతకు చాలకాలం ముందే, పేరు తెలియకుండానే, కనబడింది. 16వ శతాబ్దంలో గనుల శాస్త్రం వ్రాసిన అగ్రికోలా, కార్పేథియన్ గనుల ప్రాంతంలో ఒకరి తరువాత ఒకరుగా ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలున్నారని పేర్కొన్నాడు. వారందరూ గని కార్మికుల భార్యలే. గనిలోని ధూళి, సిలికా, క్షయ కూడ ఆ మరణాలకు కారణమై ఉండవచ్చు. కాని జర్మనీలోని ష్నీబెర్గ్ గని కార్మికులకు వచ్చేది ఊపిరితిత్తుల కాన్సరు అని 1879లో హార్టింగ్, హెస్సె అనే వైద్యులు నిరూపించినారు. గాలిలోని రాడాన్‌కు దానితో గల సంబంధం 20వ శతాబ్దంలో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988లో రాడాన్‌ను, దాని విచ్ఛిన్న పదార్థాలను మానవులకు కాన్సరు కలిగించేవిగా ప్రకటించింది.

ఊపిరితిత్తులకే ఎందుకు?

పీల్చిన రాడాన్ వాయువు చాలవరకు తిరిగి శ్వాసతో బయటకు పోతుంది. హాని దాని సంతానం వలన కలుగుతుంది. రాడాన్ విచ్ఛిన్నమైనప్పుడు పోలోనియం, సీసం, బిస్మత్ పరమాణువులు వరుసగా పుడతాయి. ఇవి ఘనపదార్థాలు కనుక గాలిలోని ధూళికణాలకు, పొగకు అంటుకుంటాయి. శ్వాసతో లోపలికి పోయి శ్వాసనాళాల గోడలకు పట్టుకుంటాయి. అక్కడ నిమిషాలలోనే మళ్ళీ విచ్ఛిన్నమై ఆల్ఫా కణాలను విడుదల చేస్తాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపగలదు. చర్మంపై మృతకణాల పొర ఆపగలదు. కాని శ్వాసనాళపు లోపలి పొరకు అటువంటి కవచం లేదు. ఆల్ఫా కణం తన శక్తినంతటినీ కొద్ది కణాల మందంలోనే ఖర్చు చేస్తుంది. కణకేంద్రంలోని జన్యుపదార్థం తెగితే, సరిగా అతుకుకోకపోతే, ఏళ్ళ తరువాత అది కాన్సరుగా పరిణమించవచ్చు.

పొగత్రాగేవారి విషయంలో ఈ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. ఐరోపాలో 13 అధ్యయనాల ఫలితాలను కూర్చి 2005లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, ఘనపు మీటరు గాలికి రాడాన్ 100 బెకరెల్‌లు పెరిగినకొద్దీ ఊపిరితిత్తుల కాన్సరు ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుంది. ఈ పెరుగుదల రేటు పొగత్రాగేవారికీ త్రాగనివారికీ ఇంచుమించు ఒకటే. కాని పొగత్రాగేవారి మూలపు ముప్పు సుమారు 25 రెట్లు అధికం కావడం వలన, అదే రాడాన్ వారికి ఎక్కువ మరణాలను తెచ్చిపెడుతుంది. ఇంటిలో బీడీ, చుట్ట కాల్చేవారుంటే రాడాన్ పరీక్ష కంటె ముందు చేయవలసిన పని ఏదో వేరుగా చెప్పనక్కరలేదు.

పదివేలకు ఒకటి

బెకరెల్ అంటే క్షణానికి ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. లీటరు నీటిలో 100 బెకరెల్‌లు ఉన్నాయంటే ఆ నీటిలో క్షణక్షణం 100 రాడాన్ పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయని అర్థం. ఆ నీరు ఇంటిలో స్నానానికి, బట్టలుతకడానికి, గిన్నెలు తోమడానికి, వంటకు వాడినప్పుడు రాడాన్ గాలిలోకి వెలువడుతుంది. ఇంటిగాలి పరిమాణం ఎక్కువ, నీటి పరిమాణం తక్కువ. పైగా గాలి మారుతూ ఉంటుంది. వీటన్నింటినీ లెక్కించి శాస్త్రజ్ఞులు ఒక స్థూల నిష్పత్తిని ఏర్పరచినారు: నీటిలోని రాడాన్ సాంద్రతలో పదివేలవ వంతు సగటున ఇంటిగాలిలో చేరుతుంది.

లీటరుకు 100 బెకరెల్‌లు అంటే ఘనపు మీటరు నీటికి లక్ష బెకరెల్‌లు. అందులో పదివేలవ వంతు 10. ఆరుబయలు గాలిలో సహజంగానే ఘనపు మీటరుకు ఇంచుమించు ఇంత రాడాన్ ఉంటుంది. కనుక లీటరుకు 100 బెకరెల్‌లు గల నీరు ఇంటిగాలికి చేర్చేది స్వల్పమే. అదే 1000 బెకరెల్‌లు గల నీరైతే గాలికి 100 బెకరెల్‌లను చేరుస్తుంది. ఇళ్ళలోని గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించిన ప్రమాణం సరిగా ఇంతే. ఐరోపా సమాఖ్య 2013లో నీటికి నిర్ణయించిన అంకెలు కూడ ఈ లెక్కతో సరిపోతాయి. లీటరుకు 100 బెకరెల్‌లు దాటితే పరిశీలించాలి. 1000 దాటితే తగ్గించే చర్య తీసుకోవడం సమంజసం.

త్రాగిన రాడాన్ సంగతి ఏమిటి? అది జీర్ణాశయం నుండి రక్తంలో కలిసి, ఊపిరితిత్తులకు చేరి, అధికభాగం కొద్ది గంటలలోనే శ్వాసతో బయటకు పోతుంది. పోయేలోపల జీర్ణాశయపు గోడకు కొంత వికిరణం తగులుతుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1999లో వెలువరించిన నివేదికలో, నీటిలోని రాడాన్ వలన ఆ దేశంలో ఏటా సుమారు 168 కాన్సరు మరణాలు సంభవిస్తాయని అంచనా వేసింది. అందులో 89 శాతం పీల్చిన రాడాన్ వలన కలిగే ఊపిరితిత్తుల కాన్సరు. 11 శాతం త్రాగిన నీటి వలన కలిగే జీర్ణాశయ కాన్సరు. ఇళ్ళలోని గాలిలో ఉన్న మొత్తం రాడాన్ వలన అక్కడ ఏటా వేల సంఖ్యలో మరణాలు కలుగుతున్నాయనే అంచనాల పక్కన నీటి వాటా చిన్నది. ఇంటిలోని రాడాన్‌లో అధిక భాగం నీటి నుండి కాక, పునాది క్రింది నేల నుండి వస్తుంది. 1984లో పెన్సిల్వేనియాలో, ఇంకా ఇంధనమైనా నింపని ఒక అణువిద్యుత్ కేంద్రంలో, పనిచేసే ఇంజనీరు ఒకడు లోపలికి వచ్చేటప్పుడే రేడియోధార్మికత హెచ్చరిక గంట మ్రోగింది. అతడు దానిని తెచ్చినది కేంద్రం నుండి కాదు, తన ఇంటి నుండి. ఇంటి క్రింది నేల నుండి వెలువడిన రాడాన్ అక్కడ విపరీతంగా పేరుకొని ఉన్నట్లు తరువాత తేలింది.

చేదబావి, చేతిపంపు, మోటారు బోరు

నీటిలోని రాడాన్ సమస్యగా మారడానికి మూడు పరిస్థితులు కలియాలి. యురేనియం గల కఠినశిల, లోతైన మూతబావి, గాలి తగలకుండా నేరుగా ఇంటిలోకి వచ్చే గొట్టం. నదులు, చెరువుల నీటిలో రాడాన్ దాదాపు ఉండదు. గాలిలోకి ఎప్పుడో పోయి ఉంటుంది. ఫిన్లాండ్‌లోను, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలోను ఈ మూడూ కలిసినాయి. ఆ గ్రానైటు ప్రాంతాలలో ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క బోరు ఉంటుంది. చలికి తలుపులు బిగించుకొని ఉండడం దానికి తోడు. ఫిన్లాండ్ బోరుబావులు కొన్నింటిలో లీటరుకు పదివేల బెకరెల్‌లకు మించిన రాడాన్ కనబడింది.

మన చేదబావి మాట వేరు. విశాలమైన నోరు, లోతు తక్కువ, చేద దిగినప్పుడల్లా కదలిక, బిందెలో పోసేటప్పుడు చిలుకుడు. ఇవన్నీ రాడాన్‌ను బయటకు తరిమేవే. ఆ బావులను ఇందుకు కీర్తించనక్కరలేదు. కలరా, నారికురుపు వాటి నుండే ఊళ్ళకు ప్రాకినాయి. నారికురుపు రహితమని మన దేశం గుర్తింపు పొందడానికి 2000 సంవత్సరం వరకు ఆగవలసి వచ్చింది. బోరుబావి, 1970-80 దశకాల నుండి ఊరూరా వెలసిన ఇండియా మార్క్-2 చేతిపంపు, ఎందరో పసిబిడ్డల ప్రాణాలు నిలిపినాయి. చేతిపంపు నీటిలో రాడాన్ ఉన్నా అది వీధిలోనే గాలిలో కలిసిపోతుంది. గొట్టం ఇంటిలోపలికి వచ్చి, కిటికీలేని స్నానాలగదిలో వేడినీటి జల్లుగా మారినప్పుడు మాత్రమే చిక్కు మొదలవుతుంది.

తెలంగాణ, రాయలసీమ, దక్షిణ కర్ణాటకలు ఈ కఠినశిలా ప్రాంతంలోనివే. బెంగుళూరులో కావేరి నీరు అందని శివారు కాలనీలు బోర్ల మీద ఆధారపడినాయి. అక్కడి భూగర్భజలాలలో కొన్ని చోట్ల లీటరుకు వందల బెకరెల్‌ల రాడాన్ ఉన్నట్లు పరిశోధకులు ప్రకటించినారు. ఇటువంటి ఫలితాలు వెలువడినప్పుడు పత్రికలలో పరిమితికి ఇన్ని రెట్లు అనే శీర్షికలు కనబడుతుంటాయి. ఆ పరిమితి ఏమిటో పరిశీలించడం అవసరం. తరచు పేర్కొనే లీటరుకు 11 బెకరెల్‌లనే అంకె అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1991లోను, మళ్ళీ 1999లోను చేసిన ప్రతిపాదన. తుది నియమంగా అది అక్కడ వెలువడనే లేదు. ఇంటిగాలిలో రాడాన్‌ను తగ్గించే కార్యక్రమం చేపట్టే రాష్ట్రాలకు 148 బెకరెల్‌లు చాలునని ఆ 1999 ప్రతిపాదనలోనే ఉన్నది. భారత ప్రమాణాల సంస్థ త్రాగునీటి ప్రమాణంలో రాడాన్‌కు ప్రత్యేక పరిమితి లేదు. అందులో మొత్తం ఆల్ఫా వికిరణానికి లీటరుకు 0.1 బెకరెల్ హద్దు ఉన్నది గాని, ఆ పరీక్షలో నీటిని ఇగిర్చివేస్తారు. రాడాన్ అప్పుడే ఎగిరిపోతుంది. కాబట్టి ఆ పరీక్షలో నెగ్గిన నీటిలో రాడాన్ లేదని చెప్పడానికి వీలులేదు.

ఇక ప్రాధాన్యాల మాట. నల్లగొండ, ప్రకాశం జిల్లాల వారికి ఫ్లోరైడు ఎముకలు వంచిన అనుభవం తరతరాలది. బెంగాల్ మైదానంలో, సరిహద్దుకు ఇరువైపులా, చేతిపంపు నీటిలోని ఆర్సెనిక్ కోట్ల మందిని బాధించింది. వాటితో పోల్చితే నీటిలోని రాడాన్ చిన్న శత్రువు. తలుపులు కిటికీలు తెరచి ఉంచే మన ఇళ్ళలో అది ఇంకా చిన్నది. కాని ఎ.సి. కోసం గదులన్నీ బిగించి, మేడ మీద తొట్టి లేకుండా పంపు ఒత్తిడితోనే బోరునీటిని కుళాయిలకు పంపే కొత్త ఇళ్ళు నగరాలలో పెరుగుతున్నాయి. ఆ ఇళ్ళు మన వాతావరణంలోనే ఫిన్లాండ్ పరిస్థితులను కొంతవరకు కల్పించుకుంటున్నాయి.

తొలగించే మార్గం

ఫ్లోరైడు కాచితే పోదు, పైగా నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. రాడాన్ అందుకు విరుద్ధం. కాచితే పోతుంది, చిలికితే పోతుంది. బోరునీటిని నేరుగా కుళాయికి ఇవ్వక, గాలి ఆడే తొట్టిలోకి పై నుండి జల్లుగా పడేటట్లు చేస్తే చాలవరకు వెడలిపోతుంది. నీటిలోకి గాలి బుడగలను పంపే యంత్రాలు 99 శాతం వరకు తొలగించగలవు. ఐతే ఆ తొట్టి ఇంటిలోపల ఉండరాదు. వెలువడిన వాయువు ఆరుబయటికి పోవాలి. కేవలం మూతపెట్టి నిలువ ఉంచడం మందకొడి మార్గం. ఒక రోజు తరువాత ఇంకా 83 శాతం మిగిలి ఉంటుంది. నూరవ వంతుకు తగ్గాలంటే 25 రోజులు పడుతుంది.

బొగ్గు వడపోత కూడ రాడాన్‌ను పట్టుకుంటుంది. కాని పట్టుకున్న రాడాన్ ఆ బొగ్గులోనే విచ్ఛిన్నమై, దాని సంతానం అక్కడే పేరుకుంటుంది. రాడాన్ అధికంగా ఉన్న నీటికి అటువంటి వడపోతను వంటింటి గోడకు తగిలించడం మంచిది కాదు. లవణాలను తొలగించే పొరయంత్రాలు కరిగి ఉన్న వాయువును ఆపడానికి ఉద్దేశించినవి కావు. త్రాగే గ్లాసెడు నీటిని అవి శుభ్రపరచినా, స్నానాలగదిలో వాడే బిందెల కొద్దీ నీరు వాటి గుండా పోదు. అసలు హాని ఆ బిందెలలోనే ఉన్నది.

పరీక్షకు నీరు పట్టడంలోనూ ఈ వాయువు స్వభావాన్ని మరువరాదు. బోరును కొంతసేపు నడిపి, గొట్టంలో నిలిచిన పాతనీటిని వదలివేయాలి. గాజుసీసాను పెద్ద పాత్రలోని అదే నీటిలో ముంచి, సన్నని ధారతో చిలకకుండా నింపి, నీటి అడుగుననే బిరడా బిగించాలి. సీసాను తలక్రిందులు చేసినప్పుడు ఒక్క బుడగ కనబడినా మళ్ళీ పట్టవలసినదే. నీరు పట్టిన తేదీ మాత్రమే కాక గంట కూడ సీసాపై వ్రాయాలి. ప్రయోగశాలలో కొలిచిన అంకెను ఆ గంట దాక వెనుకకు లెక్కకట్టి సరిచేస్తారు. నాలుగు రోజులు ఆలస్యమైతే సగం రాడాన్ దారిలోనే నశించి ఉంటుంది.